ఎడమ చెవి

ఫ్యాక్టరీ మూసేసిన దినం
సేటు సగం జీతం నోట్లుగా ఇచ్చి
సగం బండలుగా ఇచ్చినాడు.
మూల విరిగినవి, గీత పడినవి, ఎవరూ కొననివి.
పద్దెనిమిదేండ్లు కోత మిషన్ పక్కన నిలబడినందుకు
ఎర్రగుంట్ల నాకిచ్చిన ఆస్తి అదే,
ఇంకా ఈ ఎడమ చెవి.
అందులో ఇప్పుడు రంపం కూడా వినపడదు.

ఆ బండలతోనే గూడు కట్టినాను.
నాలుగు నిలువుకు, ఒకటి పైకి, సందుల్లో సిమెంటు.
కోట మాదిరుందని నన్ను నేనే మెచ్చుకొని
ప్రొద్దుటూరు సంతకు పోయి
నాలుగు పెట్టలు, ఒక పుంజు
కాళ్లు కట్టి, సంచిలోంచి తలలు బయట పెట్టి
బస్సులో తెచ్చినాను.
కండక్టరు పుంజుకు మాత్రం టికెట్టు కొట్టినాడు.

పక్కింటి దస్తగిరమ్మ గోడ మీంచి చూసి
కొంగు నోట్లో కుక్కుకునింది.
"ఏం నాయనా, ఇది గూడా, పెనమా?
ఎండాకాలం మన బండ మీద
దోసె పోసుకోవచ్చు, తెలీదా నీకు?"
చెయ్యి పెట్టి చూసినాను. నిజమే.
పైబండ తీసేసి కందికట్టెలు పరిచి, బోద కప్పి,
గోనెపట్టా తడిపి వేలాడదీసినాను.
యాపమాను కిందికి జరపమనింది గానీ
సిమెంటు పెట్టిన గోడలు జరుగుతాయా?
నీడనే జరపాల్సొచ్చింది,
రెండు వెదుర్లు, ఒక పాత పరదా.

"మూడు దినాలు బయటికి వదలొద్దు.
ఇల్లు యాదో దాని తలకెక్కాల.
కొక్కెర రోగం రాకముందే రెక్క కింద సూది ఏయించు.
నీళ్ల మూకుట్లో ఒక రాయి పెట్టు, తిరగబడకుండా.
సజ్జలు గుప్పెడే.
మిగతాది అవే ఎతుక్కుంటాయి,
మనకు కానరాని తిండి శానా ఉంది ఈ నేలలో."

నెల దాకా ఒక్క గుడ్డు లేదు.
నా పెండ్లాం సుంకులమ్మ నోటుబుక్కులో లెక్క రాసింది.
సజ్జలు ఇంత, సూదులు ఇంత, రాబడి సున్నా.
సున్నాను గుడ్డు మాదిరే గీసింది.

తర్వాతొక పొద్దున నల్లపెట్ట
గడ్డి పరిచిన గంపనొదిలేసి
తిరగేసి పారేసిన నా ఫ్యాక్టరీ హెల్మెట్‌లో పెట్టింది.
చిన్నది. కొన మీద సన్నని నెత్తుటి గీత.
యాడ దాచాల్నో తెలీక
శానాసేపు చేతిలోనే పట్టుకొని నిలబడినాను.

ఆ వారమే జంగుపిల్లి వచ్చింది.
కుడిచెవి దిండుకు ఆనించి పండుకున్నాను నేను.
గూడంతా అరిచిందంట. వీధి లేచిందంట.
తెల్లారి చూస్తే
తలుపు కింద నాలుగేళ్ల సందు,
ఈకలు,
ఎర్రపెట్ట సగం.
పుంజు పరదా మీదెక్కి కూచోనుంది, కూత లేదు.

ఆ రాత్రి నుంచి ఎడమపక్కకే తిరిగి పండుకుంటాను,
వినే చెవిని ఆకాశానికి పెట్టి.
గద్దకు ఒక అరుపు. పిల్లికి ఒకటి.
గుడ్డు పెట్టినాక ఊరికి చాటే అరుపు.
ఊరికే అరిచే అరుపు, అదే ఎక్కువ.
ఇన్నేండ్లు మిషన్ నాతో ఒకే మాట మాట్లాడింది.

తొలకరికి నల్లపెట్ట పొదుగుకు కూచుంది.
చెయ్యి పెడితే పొడిచింది.
దస్తగిరమ్మ పదకొండు గుడ్లు ఏరింది, బేసి లెక్కనే,
ఉరుముకు చెడకుండా పక్కన ఇనుప మేకు పెట్టమనింది.
మేకు దొరకలేదు.
పాత ప్యాంటు జేబులో మిషన్ బోల్టుంటే అదే పెట్టినాను.
ఏడోనాడు సెల్‌ఫోన్ లైటుకు పట్టి చూస్తే
రెండు వట్టివి, తొమ్మిదింట్లో ఎర్రదారాలు.

ఇరవయ్యోనాటి రాత్రి
ఆమె ఒక గుడ్డు తెచ్చి నా చెవికి ఆనించింది.
ఎడమ చెవికి.
అది కాదమ్మా అనబోయినాను.
"నోరు మూసుకో" అనింది.

ఏమీ లేదు.
ఏమీ లేదు.
అప్పుడు దవడ ఎముక మీద,
బండ మంచిదో కాదో
లోపలి నుంచి ఎవరో తట్టి చూసినట్టు
టిక్.
మళ్లా టిక్.

దస్తగిరమ్మ గుడ్డు తీసుకుపోయి
పెట్ట కిందికి తోసేసింది.
నేనింకా తల వంచుకొనే ఉన్నాను.